తెల్లమచ్చ

మూడుంబావుకి కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఒక్కొక్కటే ఊపిరి బిగబట్టాయి.
విడవలూరు దాటి, రామతీర్థం దారిలో,
మా తమ్ముడి మూడో గుంట మీద
అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"అక్కా, రొయ్య పైకొచ్చేసింది!"
మస్తాన్ టార్చి వేశాడు.
నీటి మీద వేల ఎర్రటి కళ్ళు,
గాలిని కొరకబోయి
పట్టు చిక్కక జారిపోతున్న మూతులు.
జనరేటర్ తిప్పీ తిప్పీ తమ్ముడి భుజం పట్టేసింది.
"ఏందట్టా చూస్తుండారు,
పెరాక్సైడ్ పోయండ్రా!"

ఆ మాటకి నా కుడిచెయ్యి
తనంతట తనే ముందుకెళ్ళి
ఆగింది.
తొడుగు లేదని.

ఇరవైఆరేళ్ళు
అద్దానికి ఇవతల నేను, అవతల నా చేతులు.
దళసరి నల్ల రబ్బరు వేళ్ళతో
గాజు మూతలు తిప్పడం నేర్చుకున్నాను,
అన్నం కలపడం కన్నా నెమ్మదిగా.
నెలనెలా నా బ్యాడ్జి సున్నా అని చెప్పేది.
సున్నా. సున్నా. సున్నా.
ఊళ్ళో అడిగితే అమ్మ
మందుల కంపెనీ అనేది.

"ఆ లోహం నీళ్ళలో ఏ రంగులో ఉంటాదక్కా?"
నీలి డబ్బాలు పడవలోకి ఎత్తుతూ మస్తాన్.
ప్లుటోనియం అనడానికి వాడికి నోరు తిరగదు,
పులుటోడు అంటాడు, పక్కూరి మనిషిని అన్నట్టు.

ఏ రంగని చెప్పను?
నీలంగా మొదలవుతుంది.
ఒక ఎలక్ట్రాను చేజారితే పల్చటి డికాషన్,
ఇంకొకటి పోతే ఉందో లేదో తెలియని గులాబి,
మరొకటి పోతే నారింజ తొన.
ఒక్కోసారి నలుగురూ ఒకే గాజుపాత్రలో కాపురం,
తమలో తాము చేబదుళ్ళు పుచ్చుకుంటూ,
ఎవరు ఎవరికి బాకీయో తేలకుండా.
అందులో పెరాక్సైడ్ పడితే
డికాషన్ చిక్కబడుతుంది, ఎర్రబడుతుంది,
ఆఖరికి పచ్చగా అడుగున కూర్చుంటుంది,
రాత్రి నానేసిన పెసల్లాగ.

పెరాక్సైడ్‌ని నమ్మొద్దనేవాడు మా గోవిందన్.
ఒకరి దగ్గర లాక్కుంటుంది,
ఇంకొకరికి తనే ఇచ్చిపోతుంది,
ఎదుటివాణ్ణి బట్టి దాని బుద్ధి.
అంతకన్నా వింత,
ఎవరూ పోయకపోయినా అది పుడుతుంది.
ఆ లోహం నీళ్ళలో ఊరకే ఉన్నా చాలు,
దాని దెబ్బలకి నీరే విరిగి
పెరాక్సైడ్‌గా అతుక్కుంటుంది.
నీరు ఇంకో ఆక్సిజన్‌ని చంకనెత్తుకుని,
మోయలేక,
ఎక్కడ దించాలా అని తిరుగుతుంటుంది.

ఇక్కడ దించింది.
పడవ వెనకాల సన్నటి నురగ,
వేసవి సోడాకొట్టు చప్పుడు.
మీటరు మీద అంకె ఒకటిన్నర, రెండు,
మళ్ళీ ఒకటి ఎనిమిది,
రెండున్నర.
కళ్ళు ఒక్కో వరసా కిందికి దిగాయి.
అన్నీ కాదు. తూర్పు గట్టు వెంట
తెల్లారి బుట్టెడు ఏరాం.

నాలుగో డబ్బా మూత నేనే తీశాను.
చూపుడువేలి కొస మీద చుక్క పడింది.
మంట ఆలస్యంగా వచ్చింది, సూదులు సూదులుగా,
చర్మం సున్నం కొట్టినట్టయింది.
"అయ్యో అక్కా, తెల్లమ..."
మస్తాన్ నాలిక కరుచుకున్నాడు.
గట్టు మీద ఆ జబ్బు పేరు ఎవరూ అనరు,
పాముని పురుగన్నట్టు దాన్ని 'అది' అంటారు.
తమ్ముడు చెంప పగలగొట్టేవాడే,
అప్పుడే కరెంటొచ్చి బతికిపోయాడు.

వేలు ముంచి కూర్చున్నాను.
ఉప్పునీళ్ళు. మంట.
సున్నా కానిది ఏదో ఒకటి
ఇన్నాళ్ళకి నన్ను ముట్టుకుంది.

చచ్చిన రొయ్యని గిల్లితే
వేలికి అంటింది లేతనీలం.
వీటి నెత్తుట్లో ఉండేది రాగి, చెప్పాను వాడికి.
"మరి పెసల్లాంటిది అన్నావే, పచ్చంది,
అదిప్పుడు యాడుంది?"
తెలీదన్నాను.
వాడు ఖాళీ డబ్బాలు లెక్కపెడుతున్నాడు,
ఒకటి తక్కువొస్తోంది.